మిలిటరీ ఎందుకు దిగిపోయింది?

మన పెనుగంచిప్రోలు నుంచి జగ్గయ్యపేట దాటిపోతే ఒకప్పుడు నైజాం సరిహద్దు. 1948 సెప్టెంబరు 13న సైన్యం బెజవాడ వైపు నుంచి కూడా ఆ సరిహద్దు దాటింది. ఐదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ విరగడైంది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి మిలిటరీ గవర్నరుగా కూర్చున్నాడు. ఆయన మాటే చట్టం. ఆయనే 1949 చివర్లో దిగిపోయాడు, ఐ.సి.ఎస్. అధికారి వెల్లోడి వచ్చాడు. 1952లో ఓట్లొచ్చాయి. తుపాకీ చేతిలో ఉన్నవాడు పట్టెందుకు సడలించాడు? మన మీద దయ పుట్టా?

పంపింది ఢిల్లీ, పిలిచింది ఢిల్లీ అంటారు. నిజమే. ఎందుకు పిలిచిందన్నదే ప్రశ్న. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకొచ్చింది, అందులో మిలిటరీ గవర్నరుకు చోటు లేదు. హైదరాబాదు ఫిర్యాదు భద్రతా సమితి దాకా పోయింది కూడా. కానీ అసలు సంగతి భూమి. రజాకార్లకు ఐదు రోజులు చాలాయి. నల్లగొండ, వరంగల్లు పల్లెల్లో కమ్యూనిస్టు దళాల మీద వేట 1951 దాకా సాగింది. సైన్యం వెనకాలే పారిపోయిన దొరలు ఖద్దరు టోపీ పెట్టుకుని తిరిగొచ్చారు, పంచుకున్న భూములు లాక్కున్నారు. ఉత్త తుపాకీతో ఊరు ఊరుకోదని పైవాళ్లకు తెలిసింది. అందుకే మిలిటరీ ఉండగానే 1949 ఆగస్టులో జాగీర్లు రద్దు చేశారు. 1950లో కౌల్దారీ చట్టం తెచ్చారు.

మరి మాల మాదిగలకు ఏమొచ్చింది? వెట్టి చేసేవాడి దగ్గర కౌలు కాగితం ఎక్కడుంటుంది? 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో 40 దళిత కుటుంబాలు వినోబాను 80 ఎకరాలు అడిగాయి. రెండు చట్టాలొచ్చాక కూడా అడుక్కోవలసే వచ్చింది! వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిచ్చాడని బడిలో నేనూ పాఠం చెప్పాను. అడిగినవాళ్ల పేరు ఒక్కటీ ఆ పాఠంలో లేదు.

1952లో 175 సీట్లలో కాంగ్రెసుకు 93 వచ్చాయి. నిషేధంలో ఉన్న కమ్యూనిస్టులు పి.డి.ఎఫ్. పేరుతో 42 గెలిచారు. నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి. అయినా గద్దె తమవాళ్లదే అయింది. సడలించినవాళ్ల లెక్క తప్పలేదు.

చిలీలో పినోచే 1990లో గద్దె దిగినా 1998 దాకా సైన్యాధిపతి కుర్చీ వదల్లేదు. బర్మా జనరళ్లు 2008 రాజ్యాంగంలో పార్లమెంటు సీట్లలో పావు వంతు తమకే రాసుకుని, 2011లో పట్టు సడలించారు. ఓట్ల లెక్క తప్పేసరికి 2021 ఫిబ్రవరి 1న మళ్లీ తుపాకీ పట్టారు.

ఇదంతా ఎక్కడో జరిగిందనుకోకండి. రిజర్వు సీటులో మనవాడు సర్పంచి అయిన ఊళ్లు మన చుట్టూ ఉన్నాయి. వచ్చే మీటింగుకు వచ్చే కార్యకర్తలు ఒక్క పని చేసి రండి. అక్కడ చెక్కుబుక్కు, తీర్మానాల పుస్తకం రాత్రిపూట ఎవరింట్లో ఉంటున్నాయో చూసి రండి.