పచ్చికపై పెత్తనం

అమెరికాలోని అనేక నివాస సముదాయాలలో ఇల్లు కొన్నవారు గృహయజమానుల సంఘంలో సభ్యులు కాక తప్పదు. తోటల పోషణకు చందా చెల్లించాలి. ఇంటి ముందు పచ్చిక ఎంత ఎత్తు పెరగవచ్చునో, ఏ మొక్కలు నాటవచ్చునో సంఘపు నిబంధనలే నిర్ణయిస్తాయి. మీరినవారికి జరిమానా. ఒకరి అశ్రద్ధ పదిమందికి బాధ కలిగించరాదు గనుక కట్టుబాటు అవసరమే. అయితే శుభ్రతను కోరే అధికారం వేరు, పచ్చదనాన్ని శాసించే అధికారం వేరని మా అభిప్రాయం.

కాలిఫోర్నియాలో తీవ్రమైన అనావృష్టి నెలకొన్న 2014లో ప్రభుత్వం నీటిని పొదుపు చేయమన్నది. కొన్ని సంఘాలు పచ్చిక ఎండితే జరిమానా తప్పదన్నవి. పౌరుడు ఎవరి మాట వినాలి? అనావృష్టి అత్యవసర పరిస్థితిలో పచ్చికకు నీరు తగ్గించినవారిని సంఘాలు దండించరాదని ఆ ఏడే అక్కడి శాసనసభ చట్టం చేసింది. నీటిని ఆదా చేసే, స్థానిక వాతావరణానికి తగిన తోటలను సంఘాలు నిషేధించరాదని ఫ్లోరిడా 2009లోనే శాసించింది. పచ్చికనే పెంచాలనే నిర్బంధానికి మేరీలాండ్ 2021లో అడ్డుకట్ట వేసింది. కాలిఫోర్నియా 2023లో చేసిన మరొక చట్టం ప్రకారం, 2029 నుండి సంఘాల ఉమ్మడి స్థలాలలో కేవలం అలంకారానికి పెంచే పచ్చికకు తాగునీరు పెట్టరాదు.

ఇరుగుపొరుగువారు కలిసి చేసుకున్న కట్టుబాటును ప్రభుత్వం సవరించవలసి రావడం శోచనీయం. నిబంధనలను మార్చే హక్కు సభ్యులకు లేకపోలేదు. సమావేశాలకు వెళ్లి ఓటు వేసే ఓపికే కరవు. రేపు ఉద్యోగరీత్యా ఆ దేశంలో స్థిరపడే మన విద్యార్థులు చందా చెల్లించి ఊరకుండక, ఆ సమావేశాలలో నోరు విప్పాలని మా కోరిక. తోట ఇంటికి అందం తేవాలి గాని ఊరి దాహాన్ని పెంచరాదు.