పరిశోధన తరగతిలోకి రావాలి: ఒక ప్రణాళిక

అధ్యాపకుడి పరిశోధన ఆయన బయోడేటాలోనే ఆగిపోకూడదు, పీజీ విద్యార్థి చేతికి అందాలి. కొందరు అధ్యాపకులు, విద్యార్థులు కలిసి ముందుకు తెస్తున్న ఈ ప్రణాళిక సారం ఇదే.

అది ఎలా అందుతుందో కలకత్తా విశ్వవిద్యాలయంలో ఒక పాఠం చూపించింది. పాతికేళ్లు నిండని తెలుగు అధ్యాపకుడు సి.ఆర్. రావు అక్కడ స్టాటిస్టిక్స్ చెబుతున్నారు. శాంపిల్ చాలా పెద్దదైతే అంచనా ఎంతవరకు కచ్చితం కాగలదో స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త ఫిషర్ చెప్పిన ఫలితమే ఆ రోజు పాఠం. చిన్న శాంపిల్‌కూ అలాంటిది ఉందా అని వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి అడిగారు. రావు ఆ రాత్రే కూర్చుని లెక్క తేల్చారు. 1945లో అచ్చయిన ఆ ఫలితమే క్రామర్-రావు అసమానత. దండేకర్ తర్వాత దేశంలో పేదరికాన్ని లెక్కగట్టిన ప్రముఖ ఆర్థికవేత్త అయ్యారు.

అలాగని పేపర్లు రాసినంత మాత్రాన పాఠం బాగుపడదు. విద్యా పరిశోధకులు జాన్ హాటీ, హెర్బర్ట్ మార్ష్ 1996లో 58 అధ్యయనాలను కలిపి చూస్తే, పరిశోధనకూ బోధనకూ మధ్య సంబంధం దాదాపు సున్నా అని తేలింది. పూనుకుని కలిపితేనే ఆ రెండూ కలుస్తాయి. అందుకు ఈ బృందం ఒప్పుకున్న నియమాలు ఇవి:

1. ప్రతి సబ్జెక్టులో ఒక యూనిట్ అయినా ఇంకా తేలని ప్రశ్నతో ముగియాలి. విఫలమైన ప్రయోగాలను, తిరిగొచ్చిన వ్యాసాలను అధ్యాపకులు దాచకుండా చూపాలి.

2. బజారులో కొన్న ప్రాజెక్టు చెల్లదు. చిన్నదైనా ప్రశ్న విద్యార్థిదే కావాలి. రెండేళ్ల పీజీలో రెండో ఏడాదంతా పరిశోధనకే ఇవ్వవచ్చని 2020 జాతీయ విద్యావిధానం అంటోంది. ఆ ఏడాదిని బైండింగ్ చేసిన రికార్డుతో సరిపెట్టకూడదు.

3. పని చేసిన విద్యార్థి పేరు వ్యాసంలో ఉండాలి. చేయనివారు ఎంత పెద్ద హోదాలో ఉన్నా వారి పేరు చేరదు. గైడు సొంత పనులకు విద్యార్థి తిరగడు.

4. అందరూ పీహెచ్‌డీ చేయనక్కర్లేదు. డేటాలో తప్పులు పట్టడం, పరికరాన్ని సరిచూడడం, రాసినదాన్ని నలుగురి ముందు సమర్థించుకోవడం ఫార్మా కంపెనీలోనైనా, జూనియర్ కళాశాలలోనైనా అక్కరకొస్తాయి. పోటీ పరీక్షలకు చదివేవారిని ల్యాబుకు ద్రోహం చేసినట్టు చూడరాదు.

5. పరిశోధన పనిమీద తరగతి మానేసిన అధ్యాపకుడు ఆ పాఠాన్ని మరో రోజు చెప్పి తీరాలి.

సెమిస్టర్ చివర విద్యార్థులు తాము అడిగిన సందేహాలను, వాటికి దొరికిన జవాబులను పేరు రాయకుండా ఇస్తారు. శాఖ సమావేశంలో వాటిని చదివి, జవాబు దొరకనివాటి నుంచే తర్వాతి ప్రాజెక్టులను ఎంచుతారు.