కొడుకు దుబాయిల, మనవడు గడప మీద

బోర్లు ఎండి, అప్పులు మీద పడి గల్ఫ్ బాట పట్టినోళ్లు మా ధర్మపురి చుట్టుపక్కల ప్రతి వాడలో ఉన్నరు. మా కొడుకూ పోయిండు. మూడేండ్ల మనవడిని మేమే చూసుకుంటున్నం. పగలు బాగానే ఆడుతడు. పొద్దూకితే మాత్రం గడప మీద కూసుంటడు, బండి చప్పుడైతే చాలు "బాపు" అని లేస్తడు. మొదట్ల "రేపొస్తడు బిడ్డా" అని అబద్ధం చెప్పినం. తెల్లారేసరికి చెప్పులేసుకొని తయారుగ కూసున్నడు. తప్పు మాదే. ఇప్పుడు ఉన్నదే చెప్తున్నం: దూరం పోయిండు, సెలవు దినం ఫోన్ చేస్తడు అని. ఏడిస్తే ఏడ్వనిచ్చి, ఎత్తుకొని బర్రెల కాడికి తీస్కపోతున్నం.

ఇంటి ముచ్చట సంఘం పత్రికల ఎందుకంటరా? కోడలు నాటుకు పోతది, మేము పొలానికి పోవాలె. పని ఒడవకముందే అంగన్‌వాడీ మూస్తరు. పని కాడ ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురుంటే చూసుకునేటందుకు ఒక మనిషిని పెట్టాలని 2005 ఉపాధి హామీ చట్టంల రాసిండ్రు. నాటు కూలీల పిల్లలు పిల్లలు కారా? గల్ఫ్‌ల చనిపోయినోళ్ల కుటుంబాలకు 5 లక్షలు ఇస్తమని 2024ల రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది, మంచిదే. బతికున్నోళ్ల పిల్లల సంగతేంది? నాట్ల రోజుల్ల అంగన్‌వాడీ పొద్దూకేదాకా తెరవాలని వచ్చే గ్రామసభల అడుగుదాం. టీచరుకు, ఆయాకు ఆ గంటల జీతం కలిపియ్యాలని కూడా అడుగుదాం.