మాటల పుట్టుక: ట్వియేర్

పిల్లలూ! విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పనిచేసేవారి నోట "ట్వియేర్" అనే మాట వినబడుతుంది. వినడానికి వింతగా ఉంది కదూ? ఇది ఇంగ్లీషులోకి వచ్చి చేరిన ఫ్రెంచి మాట. మనకు ఫ్రెంచి రాకపోయినా దీని గుట్టు విప్పవచ్చు.

ఫ్రెంచివారు టీని "తే" అంటారు. టీ కాచి పోసే పాత్రను "తేయేర్" అంటారు. సూపు వడ్డించే గిన్నె "సూప్యేర్". చూశారా, చివర "యేర్" చేరితే దానికి సంబంధించిన వస్తువు అవుతున్నది. సరే, ఫ్రెంచిలో "త్వియో" అంటే గొట్టం. దానికి "యేర్" చేరితే "త్వియేర్". అంటే ఇదేదో గొట్టం వంటి వస్తువన్నమాట! సగం అర్థం దొరికింది.

మిగతా సగం కమ్మరి కొలిమి దగ్గర దొరుకుతుంది. తిత్తి ఊదితే గాలి ఒక గొట్టం గుండా బొగ్గులలోకి పోతుంది. నిప్పు కణకణలాడుతుంది. నిప్పులోకి గాలిని వదిలే ఆ గొట్టమే ట్వియేర్!

పూర్వం ఇంగ్లీషు కమ్మరులు ఈ మాట విని, చివర ఉన్నది "ఐరన్", అంటే ఇనుము కాబోలనుకొని, "ట్యూ ఐరన్" అన్నారు. అందులో ఇనుము ఎక్కడిది? మాట చప్పుడును బట్టే అర్థం చెబితే ఇలాగే దారి తప్పుతాం. ఆ వస్తువు చేసే పని కూడా చూడాలి.

బ్లాస్ట్ ఫర్నేసు అంటే ఖనిజం నుంచి ఇనుము తీసే బ్రహ్మాండమైన కొలిమి. విశాఖలో 1990లో మొదట వెలిగిన దాని పేరు "గోదావరి". తరువాతవి "కృష్ణ", "అన్నపూర్ణ". వీటి అడుగు భాగాన చుట్టూ ట్వియేర్లు ఉంటాయి. వాటి గుండా వెయ్యి డిగ్రీల పైగా కాగిన గాలి లోపలికి దూసుకుపోతుంది.

ఇక్కడొక చిక్కు. ట్వియేర్‌ను రాగితో చేస్తారు. రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దాని ఎదుట మంట సుమారు 2000 డిగ్రీలు! మరి కరగదేం? దాని గోడ లోపల బోలుగా ఉంటుంది. అందులో నీరు ఎడతెగక పారుతూ వేడిని లాగేస్తుంది. ట్వియేర్‌కు చిల్లు పడి ఆ నీరు కొలిమిలోకి పోతే పెద్ద ప్రమాదం. అందుకే పనివారు నీలిరంగు అద్దంలోంచి లోపలికి చూస్తూ కాపలా కాస్తారు.

ఇప్పుడు మీకో ప్రశ్న. రేవులో ఓడలు ఆగే గట్టును ఇంగ్లీషులో "కీ" అంటారు. తాళంచెవిని కూడా "కీ" అనే అంటారు. ఈ రెంటికీ చుట్టరికం ఉన్నదా? వచ్చే నెల దాకా ఆలోచించండి!