పొరుగూరి వీధిలో నడక

పెండ్లిండ్ల కాలము వచ్చినతోడనే సోదరీమణులనేకులు గాజులకొఱకు హైదరాబాదులోని లాడ్ బజారునకు బయలుదేరుదురు. ఆ నగరపు లక్కగాజులకు 2024వ సంవత్సరమున భౌగోళిక సూచిక గుర్తింపుకూడ లభించినది. అక్కడ ఏమి కొనవలయునో, ఎంతకు బేరమాడవలయునో చెప్పువారు పెక్కుమంది గలరు. ఎట్లు నడువవలయునో చెప్పువారరుదు. కావున ఈ మాసము ఆ విషయమునే ముచ్చటింపదలచితిమి.

1591లో వెలసిన చార్మినారునకు పడమరగా సాగు ఆ వీధి మనకు వేడుకచోటు, అక్కడివారికి బ్రదుకుదెరువు. తోపుడుబండివానికిని, మూటమోయు హమాలీకిని, బడినుండి వచ్చు బాలికకును అదియే దారి. చుట్టమై వచ్చినవారు మన గుమ్మమునకడ్డముగా గూర్చుండినచో మనమెంత యిబ్బంది పడుదుము! పొరుగూరి వీధియు నట్టిదే.

పదిమంది కలసి వచ్చినపుడు వీధినిండ బారులుతీరి నడువరాదు. ఇద్దరేసి చొప్పున సాగవలెను. నడకకంటె నిలుకడవలన కలుగు చిక్కే హెచ్చు. గాజుల తళుకు కంటబడగానే ఉన్నచోటనే ఆగిపోవుదుము. వెనుక బరువుతో వచ్చువాడు చటుక్కున నాగజాలడు. నిలువదలచినచో ముందు ప్రక్కకు దొలగి, పిమ్మట నిలువుడు. ఫోటో తీయుటకును, ఫోనులో దారి చూచుకొనుటకును, చిల్లర లెక్కించుకొనుటకును ఇదియే నియమము.

కొన్నియెడల పనివారు నిప్పుసెగపై లక్కను మెత్తబఱచి రాళ్లు పొదుగుచుందురు. వారిపైకి వంగి చూడరాదు. మన మోచేయి తగిలినచో కాలునది వారి చేయి. వారి ఫోటో తీయగోరినచో ముందుగా అనుమతి యడుగుట మర్యాద.

శుక్రవారము మధ్యాహ్నము మక్కా మసీదునకు ప్రార్థనకై వచ్చువారితో ఆ ప్రాంతము క్రిక్కిఱిసియుండును. తొందర లేనివారు ఆ వేళను దప్పించుకొనుట ఇరువురకును మేలు.

బజారు దాటి పెద్దవీధికి వచ్చినపుడు మర్యాదతోపాటు ప్రాణరక్షణయు జూచుకొనవలెను. 2022లో మనదేశపు రహదారి ప్రమాదములయందు 32,825 మంది పాదచారులు మరణించిరని కేంద్రప్రభుత్వపు లెక్కలు చెప్పుచున్నవి. కాలిబాట యున్నచో దానిమీదనే నడువవలెను. లేనిచో, ఎదురువచ్చు బండ్లు కనబడునట్లు కుడియంచున సాగవలెను. బిడ్డను బండ్లవైపున గాక లోపలిప్రక్కన చేయిపట్టి నడిపింపుడు.

వీధి దాటునపుడు చారలుగీచిన చోటనే, అందఱును ఒక్కమాఱే దాటవలెను. ముందు దాటినవారు అవతలినుండి వెనుకబడినవారిని కేకవేసి పిలుచుట మనలో నొక దురలవాటు. ఆ పిలుపు విన్న బిడ్డ బండిని జూడదు, తల్లినే చూచును. ముసలమ్మ తడబడి పరుగిడును. కొనవలసిన వస్తువుల పట్టీ వ్రాసికొనునపుడే, ఎవరు ఎవరి చేయి పట్టుకొనవలయునో కూడ ఇంటివద్దనే నిర్ణయించుకొని బయలుదేరుడని మా మనవి.