మాట రాని బిడ్డకు తెలుగు మానిపించకండి

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అపార్టుమెంట్లలో ఒక సలహా వ్యాపించి ఉన్నది. రెండేళ్లు నిండిన బిడ్డకు మాట రాకపోతే, "ఇంట్లో రెండు భాషలు విని గందరగోళపడుతున్నాడు, తెలుగు మానేసి ఇంగ్లీషులోనే మాట్లాడండి" అంటారు. బడివారు అంటారు, పొరుగువారు అంటారు; సిగ్గుతో ఒప్పుకుంటున్నాను, మా వైద్యులలోనూ కొందరు అంటారు. ఈ సలహా తప్పు. పైగా బిడ్డకు హానికరం.

రెండు భాషల నడుమ పెరగడం మాటల ఆలస్యానికి కారణం కాదు. బిడ్డ "పాలు" అన్నా "బాల్" అన్నా అవి మాటలే. రెండు భాషల మాటలనూ కలిపి లెక్కించాలి. అలా లెక్కించినా ఏడాదిన్నరకు ఒక్క పదమూ రాకపోయినా, రెండేళ్లకు "అమ్మా, రా" వంటి రెండు పదాల కూర్పు లేకపోయినా, పేరు పిలిస్తే తిరిగి చూడకపోయినా, అసలు కారణాన్ని వెంటనే వెతకవలసిందే.

తెలుగు మానిపిస్తే ఏమవుతుంది? పగలంతా బిడ్డను చూసుకునే అమ్మమ్మకో నాయనమ్మకో ఇంగ్లీషు రాదు. ఆమె మౌనం వహిస్తుంది. ఆఫీసు నుండి అలసి వచ్చిన తల్లిదండ్రుల ఇంగ్లీషు "ఈట్, కమ్, నో" అనే ఆజ్ఞలతో ముగుస్తుంది. మిగిలిన వేళను ఫోను ఆక్రమిస్తుంది. ఫోను మాట్లాడుతుంది గాని, బిడ్డ పలుకుకు బదులు పలకదు. మాట నేర్పేది ఆ బదులే.

"బడి ఇంగ్లీషు మీడియం కదా" అంటారా? ఒక భాషలో వేళ్లూనిన బిడ్డ రెండవదాన్ని సులువుగా అందుకుంటాడు.

కనుక భాషను మార్చకండి, పరీక్ష చేయించండి. మొదట వినికిడి పరీక్ష. తలుపు చప్పుడుకు తిరిగి చూస్తున్నాడని దాన్ని వాయిదా వేయకండి. కొన్ని ధ్వనులు వినబడి, కొన్ని వినబడకపోవచ్చు. ఆ తరువాత స్పీచ్ థెరపిస్టు. 1992 నాటి చట్టం ప్రకారం వారికి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడగడం మీ హక్కు. ప్రైవేటు కేంద్రాల రుసుము భారమనిపిస్తే, సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నది. అది వినికిడి, మాట సమస్యల కోసమే ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ.

థెరపిస్టు వద్ద గడిచేది వారానికి కొద్ది గంటలే. తక్కినదంతా మీ ఇల్లే. చందమామను చూపుతూ బువ్వ తినిపించే ఆ పెద్దామెను ధారాళంగా మాట్లాడనివ్వండి. ఆమె నోరు మూయించి బిడ్డ నోట మాట పలికించలేరు.