ఇద్దరు బిడ్డల నిబంధన

2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పంచాయతీరాజ్, పురపాలక చట్టములను సవరించి, ఇద్దరికి మించి సంతానము గలవారు స్థానిక ఎన్నికలలో పోటీ చేయరాదను నిబంధనను తొలగించినది. ఇందొక వింత కలదు. వార్డు సభ్యునకు వర్తించిన యీ అనర్హత, దానిని శాసించిన శాసనసభ్యునకు వర్తింపలేదు! హర్యానాలోని ఇట్టి నిబంధనను 2003లో సుప్రీంకోర్టు సమర్థించిన మాట నిజమే. కాని 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము స్త్రీలకు మూడవవంతు స్థానములను కేటాయించుచునే, ఎందరు బిడ్డలను కనవలెనో తాను నిర్ణయించుకొనజాలని పల్లెటూరి ఇల్లాలిని ఈ నిబంధనతో పోటీకి దూరము చేసినది. ఇప్పటి తొలగింపునకు ప్రధానముగా చెప్పిన కారణము వేరు: రాష్ట్రమున జననములు తగ్గుచున్నవట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఇచట స్త్రీ ఒక్కింటికి సగటు సంతానము 1.7. ఆ యిల్లాలి మాట ఈసారియు వెనుకనే యుండిపోయినది.